‘హార్డ్’ అంటే గట్టిదా, కష్టమా?

‘హార్డ్’ అన్న ఇంగ్లీషు మాట తెలియని హైస్కూలు విద్యార్థి ఉండడు. రాయి హార్డు. లెక్కల పరీక్ష హార్డు. బోరు నీళ్ళు హార్డు. మూడు చోట్లా విశేషణం ఒక్కటే. కాని కాస్త ఆగి ఆలోచించండి. రాయి గట్టిగా ఉంటుంది. పరీక్ష కష్టంగా ఉంటుంది. మరి నీళ్ళ సంగతేమిటి? అవి గట్టిగానూ ఉండవు, కష్టంగానూ ఉండవు. గ్లాసులో పోసి చూస్తే మామూలు నీళ్ళలాగే ఉంటాయి!

నిఘంటువు తెరిస్తే ‘హార్డ్’ పక్కన పర్యాయపదాల బారు కనిపిస్తుంది: సాలిడ్, ఫర్మ్, స్టిఫ్, రిజిడ్, టఫ్, డిఫికల్ట్, సివియర్, హార్ష్. పర్యాయపదాలే కదా, ఏది వాడితేనేం అనిపిస్తుంది. అక్కడే చిక్కు వస్తుంది. ఒకదాని బదులు మరొకటి వేస్తే పోయేది ఇంగ్లీషు పరీక్షలో ఒక మార్కు మాత్రమే కాదు. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం పాఠాలే తలకిందులుగా అర్థమవుతాయి. వెనకటికి ఈ పొరపాటుతో వజ్రాలనే పగలగొట్టుకున్నారని చెబుతారు. ఆ సంగతి తరువాత చూద్దాం.

ఈ మాట చాలా పాతది. పాత ఇంగ్లీషులోనే ఉంది; జర్మన్ భాషలోని ‘హార్ట్’ దీనికి దగ్గర చుట్టం. మొదటి అర్థం గట్టిది, అనగా చేత్తో నొక్కితే లొంగనిది. మిగిలిన అర్థాలన్నీ ఈ ‘లొంగకపోవడం’ నుంచి పుట్టాయనుకుంటే సులువుగా బోధపడుతుంది. గోటికి లొంగని రాయి హార్డ్. బుద్ధికి లొంగని లెక్క హార్డ్. జాలికి లొంగని మనసు హార్డ్. కాబట్టి ఈ మాట ఎదురైనప్పుడల్లా ‘దేనికి లొంగనిది?’ అని ఒక ప్రశ్న వేసుకోండి.

రెండో ఉపాయం కూడా ఉంది. వ్యతిరేకపదం పెట్టి చూడండి. ‘హార్డ్ స్టోన్’కు వ్యతిరేకం ‘సాఫ్ట్ స్టోన్’. కాని ‘హార్డ్ ఎగ్జామ్’కు వ్యతిరేకం ‘సాఫ్ట్ ఎగ్జామ్’ కాదు, ‘ఈజీ ఎగ్జామ్’. ‘హార్డ్ వింటర్’కు వ్యతిరేకం ‘మైల్డ్ వింటర్’. ‘హార్డ్ మాస్టర్’కు వ్యతిరేకం ‘కైండ్ మాస్టర్’. ‘హార్డ్ వర్కర్’కు వ్యతిరేకం ‘లేజీ వర్కర్’. వ్యతిరేకపదం మారిందంటే అర్థం మారిందన్నమాటే. అర్థం మారితే పర్యాయపదమూ మారుతుంది. మొదటిదానికి ‘సాలిడ్’, రెండోదానికి ‘డిఫికల్ట్’, మూడోదానికి ‘సివియర్’, నాలుగోదానికి ‘స్ట్రిక్ట్’ లేదా ‘హార్ష్’, చివరిదానికి ‘డిలిజెంట్’ సరిపోతాయి. ఒకదాని చోట మరొకటి పెట్టి చదివి చూడండి, నవ్వొస్తుంది.

మన తెలుగులో ‘గట్టి’ అన్న మాటా తక్కువదేం కాదు. గట్టి రాయి ఉంది, గట్టి పెరుగు ఉంది, గట్టి తాడు ఉంది, గట్టి పోటీ ఉంది. మాటలో గెలవలేని మనిషిని ‘వాడు గట్టివాడురా’ అంటాం. గది అవతల ఉన్నవాడికి వినిపించాలంటే ‘గట్టిగా’ పిలుస్తాం. వీటన్నిటికీ ఇంగ్లీషులో ‘హార్డ్’ పెట్టబోతే కుదరదు. గట్టి పెరుగు ‘థిక్ కర్డ్’, గట్టి తాడు ‘స్ట్రాంగ్ రోప్’, గట్టి పోటీ ‘స్టిఫ్ కాంపిటీషన్’ లేదా ‘టఫ్ కాంపిటీషన్’. గట్టిగా మాట్లాడటం ‘టాక్ లౌడ్లీ’. ‘డోంట్ టాక్ హార్డ్’ అని రాస్తే ఇంగ్లీషువాడికి ఏమీ అర్థం కాదు. తెలుగు ‘గట్టి’, ఇంగ్లీషు ‘హార్డ్’ ఒక ఇంట్లో కలుసుకుంటాయి కాని, రెండింటి ఊళ్ళూ వేరు.

ఇక రాళ్ళ దగ్గరకు వద్దాం. ఒక రాయి హార్డా, సాఫ్టా అన్నది ఎవరు తేల్చాలి? మీకు గట్టిగా తోచింది రాయి కొట్టేవాడికి మెత్తగా తోచవచ్చు. జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ మోస్ అనే ఖనిజశాస్త్రవేత్త 1812లో దీనికి ఒక తేలిక మార్గం చెప్పాడు. రెండు ఖనిజాలను తీసుకుని ఒకదానితో మరొకదానిమీద గీయండి. ఏది గీత పడేలా చేస్తుందో అది ఎక్కువ గట్టిది. దేనిమీద గీత పడిందో అది తక్కువ గట్టిది. ఈ పద్ధతిలో ఆయన 10 ఖనిజాలను వరసగా నిలబెట్టాడు. మొదటి మెట్టు మీద టాల్క్ ఉంది. బలపపు రాయిలో ఉండేదీ, టాల్కం పౌడరుకు పేరిచ్చిందీ ఇదే. రెండోది జిప్సం, మూడోది కాల్సైట్, నాలుగు ఫ్లోరైట్, అయిదు అపటైట్, ఆరు ఆర్థోక్లేజ్. ఏడోది క్వార్ట్జ్, అంటే మన పలుగురాయి. ఎనిమిది పుష్యరాగం, తొమ్మిది కురువిందం, పదో మెట్టు మీద వజ్రం. కెంపూ నీలమూ కూడా కురువిందం జాతివే.

మన గోరు ఈ మెట్లమీద సుమారు 2.5 దగ్గర ఉంటుంది. కాబట్టి జిప్సం మీద గోటితో గీయగలం, కాల్సైట్ మీద గీయలేం. రాగి 3 దగ్గర, మామూలు గాజు 5.5 దగ్గర ఉంటాయి. కళ్ళజోడు అద్దాలను దుమ్ముతో పాటే తుడవకూడదని పెద్దవాళ్ళు ఎందుకంటారో ఇప్పుడు చెప్పగలరా? దుమ్ములో ఇసుక రేణువులుంటాయి. ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్, అంటే 7. అద్దం 5.5. తుడిచిన ప్రతిసారీ గీతలే!

పలకా బలపమూ వాడినవాళ్ళు ఈ ప్రయోగం తెలియకుండానే చేశారు. మార్కాపురం పలక మీద బలపపు రాయి గీస్తే అరిగేది బలపం, పలక కాదు. అరిగిన పొడే అక్షరంగా కనిపిస్తుంది. రెండూ ఒకే గట్టిదనం ఉన్నవైతే అక్షరాలు దిద్దడం అంత సుఖంగా ఉండేది కాదు. మీ పెన్సిలు పెట్టెలోనూ ఇదే కథ ఉంది. పెన్సిలు మీద ఉన్న ‘హెచ్’ అన్న అక్షరం ‘హార్డ్’కు గుర్తు, ‘బి’ అన్నది ‘బ్లాక్’కు గుర్తు. గ్రాఫైటులో బంకమన్ను పాలు పెంచితే మొన గట్టిపడి సన్నని లేత గీత వస్తుంది. అందుకే జామెట్రీ బొమ్మలకు ‘2 హెచ్’, చిత్రలేఖనానికి ‘4 బి’ వాడతారు.

మోస్ మెట్లు వరస మాత్రమే చెబుతాయి. ఎంత రెట్టింపు అన్నది చెప్పవు. తొమ్మిదికీ పదికీ మధ్య ఒక్కటే మెట్టు కదా అని కురువిందం, వజ్రం దాదాపు సమానమనుకోకండి. కొలిచి చూస్తే వజ్రం కురువిందంకన్నా సుమారు నాలుగు రెట్లు గట్టిది.

అంత గట్టి వజ్రాన్ని సుత్తితో కొడితే ఏమవుతుంది? క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ, వజ్రాన్ని దాగలిమీద పెట్టి కొడితే అది చెక్కుచెదరదనీ, సుత్తే పగిలిపోతుందనీ రాశాడు. ఈ మాట వందల ఏళ్ళు చెలామణీ అయింది. నిజమైన వజ్రమా కాదా అని చూడటానికి సుత్తి పట్టుకున్నవాళ్ళ చేతిలో నిజమైన వజ్రాలే ముక్కలయ్యాయని చెబుతారు. వజ్రం గీతకు లొంగదు, దెబ్బకు లొంగుతుంది! దాని స్ఫటికంలో కొన్ని దిశలున్నాయి. ఆ దిశలో సరిగ్గా దెబ్బ పడితే చక్కగా రెండుగా చీలుతుంది. వజ్రాల పనివాళ్ళు ఈ గుణాన్నే వాడుకుంటారు. 1905లో దక్షిణాఫ్రికాలో దొరికిన 3,106 క్యారట్ల కల్లినన్ వజ్రాన్ని 1908లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇలాగే, ఒక గాడి చేసి అందులో ఉక్కు కత్తి నిలిపి కొట్టి, చీల్చారు. 17వ శతాబ్దంలో మన దక్కను గనుల్ని కళ్ళారా చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కూడా, గనిలో ఇనుప గడ్డపారలతో బలంగా కొట్టడంవల్ల రాళ్ళలో పగుళ్ళు ఏర్పడుతున్నాయని రాసిపెట్టాడు.

ఇక్కడే ‘హార్డ్’, ‘టఫ్’ విడిపోతాయి. మామూలు మాటల్లో ‘హార్డ్ క్వశ్చన్’ అన్నా ‘టఫ్ క్వశ్చన్’ అన్నా ఒకటే. పదార్థాల శాస్త్రంలో మాత్రం ఒకటి కాదు. గీతకు, నొక్కుకు లొంగనిది హార్డ్. దెబ్బకు పగలనిది టఫ్. వంచితే వంగనిది స్టిఫ్. బరువు వేసి లాగినా తెగనిది స్ట్రాంగ్. ఒక వస్తువుకు ఈ నాలుగూ ఉండాలని లేదు. గాజు రాగికన్నా హార్డ్, కాని చేయి జారితే ముక్కలు. సైకిలు టైరు హార్డ్ కాదు, గోటితో నొక్కవచ్చు. అయినా గులకరాళ్ళ రోడ్డు మీద ఏళ్ళ తరబడి దెబ్బలు తింటుంది, అది టఫ్. మాంసం దుకాణంలో చింతమొద్దు చూశారా? కత్తివేటు పడ్డచోటల్లా గాటు పడుతుంది కాని మొద్దు చీలిపోదు. ఆ పనికి గట్టిదనం ఒక్కటే చాలదు, కలప టఫ్‌గా ఉండాలి.

కమ్మరికి ఈ తేడా పుస్తకం చదవకుండానే తెలుసు. ఉక్కును ఎర్రగా కాల్చి చటుక్కున నీళ్ళలో ముంచితే అది బాగా హార్డ్ అవుతుంది, కాని పెళుసెక్కుతుంది. అలాంటి గొడ్డలితో మొద్దు మీద వేస్తే అంచు చిట్లుతుంది. అందుకని మళ్ళీ కొంచెం వేడిచేసి చల్లారనిస్తాడు. గట్టిదనం కాస్త తగ్గుతుంది, దెబ్బ ఓర్చుకునే గుణం పెరుగుతుంది. ఒకటి కొంత వదులుకుంటే తప్ప రెండోది రాదు. ‘హార్డ్, టఫ్ పర్యాయపదాలు’ అని బట్టీపట్టిన విద్యార్థికి ఈ పాఠం ఎలా అర్థమవుతుంది చెప్పండి?

నీళ్ళ సంగతి మిగిలిపోయింది. ‘హార్డ్ వాటర్’ను మన పుస్తకాల్లో కఠిన జలం అంటారు. మన ప్రశ్న వేసి చూద్దాం: దేనికి లొంగదు? సబ్బుకు లొంగదు. ఎంత రుద్దినా నురగ రాదు; తెల్లని తెట్టు మాత్రం తేలుతుంది. నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి నీటిలో కరగని పదార్థంగా మారడమే దీనికి కారణం. ‘ఈ నీళ్ళకు పప్పు ఉడకదు’ అని ఇంట్లో విసుక్కునేదీ ఈ నీళ్ళనే. మరగబెడితే పోయేది తాత్కాలిక కాఠిన్యం, మరగబెట్టినా పోనిది శాశ్వత కాఠిన్యం. కాఫీ కెటిల్ అడుగున తెల్లగా గారలా పేరుకునేది మొదటి రకమే.

‘హార్డ్ వాటర్’నూ ‘హెవీ వాటర్’నూ ఒకటిగా రాసేవారు ప్రతి తరగతిలోనూ ఉంటారు. రెండూ బరువైన మాటల్లాగే వినిపించడం దీనికి కారణమేమో. ‘హెవీ వాటర్’ భారజలం. అందులో ఏ లవణమూ కలవనక్కరలేదు. నీటి అణువులోనే మామూలు హైడ్రోజనుకు బదులు దానికి రెట్టింపు బరువున్న డ్యుటీరియం ఉంటుంది. మామూలు నీటికన్నా సుమారు 11 శాతం ఎక్కువ సాంద్రత. అణువిద్యుత్ కేంద్రాలకు కావలసిన ఈ నీటిని మణుగూరు కర్మాగారంలో తయారుచేస్తారు. దానితో బట్టలుతికితే నురగ చక్కగానే వస్తుంది, ఎవరూ ఉతకరు గాని!

కఠిన జలం కంటే ‘సాఫ్ట్ వాటర్’ అన్న పేరు మరీ మోసకారి. సాఫ్ట్ అంటే మంచిది, హార్డ్ అంటే చెడ్డది అని మనసు తనంతట తాను అనుకుంటుంది. తాగే నీటికి మన దేశంలో ఉన్న ప్రమాణం ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిది. వేరే నీళ్ళు దొరకనిచోట 600 వరకు ఒప్పుకుంటారు. ఫ్లోరైడుకైతే 1 మిల్లీగ్రాము మంచిది, 1.5 దాటకూడదు. ఎంత తేడానో చూడండి. ఫ్లోరైడు మితిమీరితే పళ్ళమీద గారలు, తరువాత ఎముకల వంకర. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు ఉన్నట్టు 1937లో వైద్యులు లోకానికి తెలియజేశారు. నల్గొండ జిల్లా పల్లెలు ఎంత బాధపడ్డాయో మీకు తెలుసు. పటిక, సున్నం వాడి ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరే స్థిరపడింది. ఇంతకూ, ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న బోరునీళ్ళు చాలాచోట్ల సాఫ్ట్‌గా ఉంటాయి! కాల్షియం ఉంటే అది ఫ్లోరైడుతో కలిసి ఫ్లోరైట్‌గా విడిపోతుంది (మోస్ నాలుగో మెట్టు మీద చూశామే, అదే). కాల్షియం తక్కువైతే ఫ్లోరైడు నీటిలోనే నిలిచిపోతుంది. అలాంటి నీటిలో సబ్బు బాగా నురగ వస్తుంది, రుచిలో ఏ లోపమూ తెలియదు. కాబట్టి ‘మా బోరు నీళ్ళు సాఫ్ట్’ అని ఎవరన్నా సంతోషిస్తే, అది సబ్బు గురించి చెప్పిన మాట, ఆరోగ్యం గురించి కాదు. నీటిని పరీక్ష చేయించవలసిందే.

కంటికి కనిపించని వాటికీ శాస్త్రజ్ఞులు ఈ విశేషణం తగిలించారు. శక్తి ఎక్కువై, పదార్థం లోపల ఇంకిపోకుండా దూసుకుపోయే ఎక్స్-కిరణాలు ‘హార్డ్’. తొందరగా ఇంకిపోయేవి ‘సాఫ్ట్’. 2015లో శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలో ‘సాఫ్ట్ ఎక్స్-రే టెలిస్కోప్’ ఉంది. మెత్తనిది టెలిస్కోపు కాదు, కిరణాలు! విశేషణం ఏ నామవాచకానికి అంటుకుందో చూడకపోతే ఇలాంటి తమాషాలే జరుగుతాయి. విద్యుదయస్కాంతం పాఠంలో వచ్చే ‘సాఫ్ట్ ఐరన్’ కూడా దిండులాంటి ఇనుము కాదు, కరెంటు ఆపగానే అయస్కాంతత్వాన్ని వదిలేసే ఇనుము. వదలని ఉక్కు ‘హార్డ్’.

చంద్రుడిమీద దిగడం దగ్గర మాత్రం మన ‘లొంగనిది’ అన్న తాళంచెవి సరిగా తిరగదు. వేగంగా వెళ్ళి ఢీకొంటే ‘హార్డ్ ల్యాండింగ్’, మెల్లగా దిగితే ‘సాఫ్ట్ ల్యాండింగ్’. ఇక్కడ హార్డ్ అంటే దెబ్బ బలంగా తగిలింది అని. 2008 నవంబరు 14న చంద్రయాన్-1 నుంచి విడిపోయిన చిన్న పెట్టె కావాలనే చంద్రుణ్ణి ఢీకొంది. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 విక్రమ్ మెల్లగా దిగాలని బయలుదేరి, వేగం అనుకున్నట్టు తగ్గక హార్డ్ ల్యాండ్ అయింది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 విక్రమ్ సాఫ్ట్‌గా దిగింది. ఇప్పుడు చెప్పండి, ఏది కష్టం? ఢీకొనడానికి కష్టమేముంది! గాలి లేని చోట, పారాచూటు పనిచెయ్యని చోట, రాకెట్లతో వేగాన్ని సెకనుకు సుమారు 2 మీటర్లకు తగ్గించి కాళ్ళమీద నిలబడటమే కష్టం. ‘సాఫ్ట్ ల్యాండింగ్ ఈజ్ హార్డ్’ అన్న వాక్యంలో రెండు విశేషణాలూ పోట్లాడుకుంటున్నట్టు కనిపిస్తాయి. కాని ఆ వాక్యం అక్షరాలా నిజం.

కష్టం అన్న అర్థంలో వాడేటప్పుడు పర్యాయపదాల ఎంపిక సులువే. ‘డిఫికల్ట్’ లాటిన్ వైపు నుంచి వచ్చిన కాస్త పెద్దమనిషి మాట, వ్యాసంలో బాగుంటుంది. ‘టఫ్’ స్నేహితులతో అనుకునేది. ఎక్కువసేపు శ్రమపెట్టే పనికి ‘ఆర్డ్యువస్’ అందం. వీటికి మించి దిగులుపడనక్కరలేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. ‘క్విక్’కు ‘క్విక్లీ’, ‘స్లో’కు ‘స్లోలీ’ ఉన్నాయి కదా అని ‘హార్డ్’కు ‘హార్డ్లీ’ తగిలించకండి. ‘హార్డ్’ విశేషణమూ అదే, క్రియావిశేషణమూ అదే. ‘ఐ వర్క్ హార్డ్’ అంటే కష్టపడి పనిచేస్తానని. ‘ఐ హార్డ్లీ వర్క్’ అంటే పని దాదాపు చెయ్యనే చెయ్యనని! ఉద్యోగం కోసం రాసే దరఖాస్తులో రెండోది పడిందో, ఇక చెప్పేదేముంది.

నుడికారాల్లో ఈ మాట ఇంకా విచిత్రంగా తిరుగుతుంది. ‘హార్డ్ నట్ టు క్రాక్’ మన కొరకరాని కొయ్యే. ‘హార్డ్ హార్టెడ్’ రాతిగుండెవాడు. ‘హార్డ్ అప్’ అంటే చేతిలో డబ్బు ఆడకపోవడం; ‘హార్డ్ క్యాష్’ అంటే చేతిలో ఆడే రొక్కం. ‘హార్డ్ ఆఫ్ హియరింగ్’ వినికిడి తక్కువవాడు. అతడి చెవి గట్టిదని కాదు. ‘హార్డ్‌వేర్’ అని బోర్డు ఉన్న దుకాణంలో మేకులు, బందులు, కుళాయిలు అమ్ముతారు. హార్డ్‌వేర్ చదివిన మీ అన్నయ్య మాత్రం కంప్యూటర్లు బాగుచేస్తాడు. మొదటిదే పాత అర్థం, రెండోది దాని మనవడు.

ఇప్పుడు మీ వంతు. ఈ వాక్యాల్లో ‘హార్డ్’ తీసేసి తగిన పర్యాయపదం పెట్టండి. ముందు వ్యతిరేకపదం ఆలోచించండి. ‘ది గ్రౌండ్ ఈజ్ హార్డ్ ఇన్ సమ్మర్.’ ‘దిస్ సమ్ ఈజ్ హార్డ్.’ ‘హి వాజ్ హార్డ్ ఆన్ హిజ్ సర్వెంట్స్.’ ‘వి నీడ్ హార్డ్ ఎవిడెన్స్.’ ‘అవర్ వెల్ వాటర్ ఈజ్ హార్డ్.’ మొదటిదానికి ‘సాలిడ్’ లేదా ‘ఫర్మ్’, రెండోదానికి ‘డిఫికల్ట్’, మూడోదానికి ‘హార్ష్’, నాలుగోదానికి ‘డెఫినిట్’ సరిపోతాయి. అయిదోదానికి ఏదీ సరిపోదు. శాస్త్రం తన పనికోసం ఒక మాటను తీసుకుని గుర్తుగా పెట్టుకుంటే, ఆ చోట పర్యాయపదం పనిచెయ్యదు. బావి నీళ్ళు ‘డిఫికల్ట్’ అనీ ‘సాలిడ్’ అనీ రాస్తే మాస్టారు ఎర్రసిరా పెన్ను తీస్తారు.